టాంకరు నీళ్లు తాగిన గుంట

వాన రావలసిన నెల వెళ్లిపోయింది. పోనీ, ఆలస్యంగానైనా వస్తుందిలే అనుకున్న నెల కూడా సగం పైగా కరిగిపోయింది. ఆకాశం మాత్రం అప్పుడే ఇస్త్రీ చేసి తెచ్చిన చొక్కాలా ఎక్కడా ఒక్క ముడత లేకుండా ఉంది. ఈ విషయం మీద ఊళ్లో చాలామంది చాలా మాట్లాడారు గానీ, అన్నం సహించనంత దిగులు పెట్టుకున్నది మాత్రం ఒక్క గుంటలావిడే.

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. దాన్ని జీతం రోజున తప్ప ఎవరూ వాడరు. వృక్షశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, ఒక్క సీజను పని అని చెబితే నమ్మి, ఊరి చివర తవ్విన గుంటల దగ్గర చేరింది. ఆ సీజను ఇంకా అయిపోలేదు. ఈలోగా పెళ్లయింది, జుట్టు నెరిసింది, మోకాళ్లు మొరాయించడం మొదలుపెట్టాయి. ఆమె భర్త తాళాలు బాగుచేస్తాడు. ఆయన్ని వీధిలో ఇప్పుడు "గుంటలావిడ గారి ఆయన" అంటారు. తన కొట్టు మీద అంత పెద్ద బోర్డు ఎందుకు రాయించానా అని ఆయన అప్పుడప్పుడు విచారిస్తుంటాడు.

గుంటల కథ క్లుప్తంగా ఇది. విమానాలు దిగడానికి బాట వేసినప్పుడు, ఆ నేలలో ఎప్పటినించో ఉన్న చిన్న చిన్న వాన గుంటలు దాని కింద పోయాయి. పోయినన్ని మళ్లీ చేసి చూపించాలని చట్టం అంది. చట్టం చెప్పింది కనక ఊరి చివర గుంటలు తవ్వారు. అడుగున బంకమట్టి పరిచి తొక్కించారు. పాత గుంటల పైమట్టిని గీకి, సంచుల్లో తెచ్చి, ముఖానికి పౌడరు అద్దినట్టు పైన పలచగా చల్లారు. విత్తనాలన్నీ ఆ మట్టిలోనే ఉన్నాయి. ఆ మీదట ఈ ఏర్పాటుకి "కృత్రిమ ఋతుకాల చిత్తడి క్షేత్రం" అని నామకరణం చేసి, ఆ పేరున్న బోర్డు పాతి, అందరూ ఇళ్లకి వెళ్లిపోయారు. ఒక్కావిడ మిగిలింది.

ఇలాంటి గుంట స్వభావం చిత్రమైనది. వానలకి నిండుతుంది. కొన్నాళ్లు నిలుస్తుంది. నీళ్లు అంచు నించి మధ్యకి తగ్గుతూ పోతుంటే, తడి వదిలిన చోటల్లా గోరంత మొక్కలు లేచి, ఒక వరసకి పసుపు, ఒక వరసకి నీలం, ఒక వరసకి తెలుపు, ఉంగరాల్లా పూసి, గబగబా విత్తనం రాల్చి, కనపడకుండా పోతాయి. మిగతా ఏడాదంతా బీటలు వారిన మట్టి. ఏడాదిలో ముప్పాతిక భాగం చచ్చినట్టు పడి ఉండడమే దాని వృత్తిధర్మం. ఈ సంగతి అధికారులకి బోధపరచడం గుంటలావిడ వృత్తిధర్మం. రెండింటిలో గుంట పనే సుఖం.

మొదటి ఏడాది పూలు విరగబూశాయి. ఫొటోలు తీశారు, అభినందన సభ పెట్టారు. ఆ తర్వాత గడ్డి దిగింది. పశువులు తొక్కి పాడుచేస్తాయని ఆవిడే పట్టుబట్టి కంచె వేయించింది. పశువులు లేకపోయేసరికి గడ్డి మోకాలెత్తు పెరిగి, ఎండి, చాపలా పడి, కింద మొలిచినదాన్నల్లా ఊపిరాడకుండా నొక్కేసింది. మూడేళ్లు పట్టింది ఆవిడకి తన తప్పు తెలియడానికి. కంచె పీకించి పశువుల్ని రమ్మంది. ఆ తర్వాత ఏడాదికి కొంచెం, ఏడాదికి కొంచెం, అలిగి వెళ్లిన చుట్టాలు ఒక్కొక్కరే గుమ్మం తొక్కినట్టు, మొక్కలు మళ్లీ రావడం మొదలుపెట్టాయి. లాటిన్ పేర్లున్నాయి వాటికి. వాటిని పలికేలోపు మొక్క ఎండిపోతుందని భర్త వెక్కిరిస్తే, ఒకదానికి ఆవిడే "మొండిఘటం" అని పేరు పెట్టుకుంది. అది ఒక ఏడు కనపడి, మూడేళ్లు ముఖం చాటేసి, ఇక లేదనుకుని నీళ్లు వదులుకున్నాక లేస్తుంది.

ఇప్పుడు ఇన్నేళ్ల తర్వాత, ఆ గుంటలు బతికాయా చచ్చాయా తేల్చడానికి ఒక సంఘాన్ని వేశారు. బతికాయంటే నేల గుంటలకే ఉంటుంది. చచ్చాయంటే బస్సుల డిపోకి పోతుంది. సంఘం వచ్చే తేదీ వానల్ని లెక్కలోకి తీసుకుని ఖాయం చేశారు. వాన మాత్రం సంఘాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

"ఇంకా ఎంతసేపలా పైకి చూస్తావు? మెడ పట్టేస్తుంది," అన్నాడు భర్త, పొద్దున్నే కొట్టుకి బయల్దేరుతూ.

"అటు పక్క ఏదో నల్లగా కనిపిస్తోందండీ."

"అది ఎదురింటివాళ్ల నీళ్ల ట్యాంకు."

ఆవిడ బూట్లు వేసుకుంది. ఎడమ బూటు కుడికాలికి. ఆయన చూశాడు గానీ, నవ్వే సమయం కాదని గ్రహించి, వంగి మార్చి పెట్టాడు.

ఆఫీసులో పై అధికారి ఆవిడ కోసం కాచుకుని ఉన్నాడు. పైవాళ్లు ఏం చెప్పినా తల ఊపడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య. అందుకని అందరూ చాటున "తథాస్తు సార్" అంటారు. మనిషి మంచివాడు. గుంటలు పోకూడదని ఆవిడ తర్వాత కోరుకునేవాడు ఆయనే. అదే వచ్చిన చిక్కు.

"చూడండమ్మా, వారం దాటితే సంఘం వస్తుంది. వాళ్లకి మనం చూపించడానికి ఏముంది? బీటలు. బీటలు చూపించి, ఇవి పూలండీ అంటే ఎవరు నమ్ముతారు? టాంకరు తెప్పిద్దాం. గుంటలన్నిటికీ నీళ్లు కొడదాం."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. "వద్దు సార్. ఈ ఎండల్లో తడి తగిలితే విత్తనాలు వానొచ్చిందనుకుని లేస్తాయి. నీళ్లు ఆపితే మాడి చస్తాయి. ఆపకుండా పోస్తూ ఉంటే జమ్ము దిగుతుంది. ఎటైనా మనకి మిగిలేది లేదు. రేపు నిజం వానొచ్చినప్పుడు లేవడానికి అడుగున ఎవరుంటారు?"

"అన్నీ లేస్తాయా?"

"అన్నీ లేవవేమో. ఎన్ని లేస్తాయో నాకు తెలీదు సార్. తెలీకే భయం."

"మీకు తెలీదు. డిపోవాళ్లకి మాత్రం తెలుసు. నిన్న వచ్చి ఏ గుంటలో ఎన్ని బస్సులు పడతాయో కొలుచుకుని మరీ వెళ్లారు." ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. మురికేమీ లేదు దాని మీద. "అన్నీ పోవడం కంటే కొన్ని పోవడం నయం కాదూ? మీరే చెప్పండి."

ఆవిడ గుంటల పటం తెచ్చి బల్ల మీద పరిచింది. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ పటం మీద వంగి బేరమాడారు. కూరగాయల బేరం కంటే గట్టిగా సాగింది అది. చివరికి ఒక్క గుంట దగ్గర తెగింది. రోడ్డు పక్క గుంట. సంఘం జీపు దిగగానే కళ్లబడేది అదే. అందులో మొక్కలు మిగతావాటికంటే తక్కువ. ఆ మాట ఆవిడే అంది, డాక్టరు గదిలోంచి బయటికొచ్చి చెప్పినట్టు నిబ్బరంగా. అన్నాక పటంలో ఆ గుంట వైపు మళ్లీ చూడలేకపోయింది.

టాంకరు ఆవిడ తమ్ముడిది. ఊళ్లో నీళ్ల టాంకరంటే అతనే మరి. మర్నాడు పొద్దున్నే గట్టు దాకా వెనక్కి నడిపించి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అక్కా, గుంట తవ్వి, ఇన్నేళ్లు వాన కోసం ఎదురుచూసి, ఆఖరికి నన్ను పిలిచారన్నమాట! మొదట్లోనే పిలిస్తే స్విమ్మింగ్ పూలు చేసేసేవాళ్లం కదే."

"నోరు మూసుకుని పైపు మెల్లగా తిప్పు. మట్టి కొట్టుకుపోతే నిన్నే పరుస్తా అందులో."

"ఎంత మెల్లగా? బావ తాళం తీసినంత మెల్లగానా?"

"అంత మెల్లగా అయితే సంఘం వచ్చి పోతుంది కూడా. తిప్పు."

నీళ్లు పడ్డాయి. బీటల్లోకి నీళ్లు దిగేటప్పుడు చిన్న చప్పుడొకటి వస్తుంది, ఎంతోకాలంగా దాహంతో ఉన్నవాడు గుటక వేసినట్టు. ఏటా మొదటి వానకి ఆ చప్పుడు వినాలని గట్టున కూర్చునే మనిషి, ఆ రోజు గుంటకి వీపు పెట్టి నిలబడింది. తమ్ముడికి ఏదో తోచి, ఆ తర్వాత హాస్యమాడలేదు. రోజు విడిచి రోజు వచ్చి పోసి, తలొంచుకుని వెళ్లేవాడు.

నాలుగు రోజులకి గుంట అంచు పచ్చబడింది. ఆవిడ రెండు ఇటుకల మీద చెక్క పలక వేసి, దానిమీద బోర్లా పడుకుని చూసింది. అడుగు పెడితే మొలకలు చితుకుతాయి కనక ఆ పనిలో ఉన్నవాళ్లు గుంటని పడుకునే చూస్తారు. పచ్చదనంలో ఎక్కువ భాగం గరిక. అక్కడక్కడ జమ్ము మొలక కత్తిలా నిటారుగా లేచింది. వాటి మధ్య సూదిమొనంత ఆకులతో ఆవిడ మొక్కలు కూడా ఉన్నాయి. నిజంగానే వానొచ్చిందని నమ్మి లేచాయి. మధ్యాహ్నం ఎండకి వాటి కొసలు ఎర్రబడ్డాయి. మర్నాటికి నల్లబడ్డాయి. పలక మీంచి ఆవిడ ఎంతసేపటికీ లేవకపోతే, పశువుల్ని తోలుకుపోయేవాడు దూరం నించి చూసి, కళ్లు తిరిగి పడిందేమోనని పరిగెత్తుకొచ్చాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త అడిగాడు. "ఏమైంది?"

"నమ్మాయండీ."

ఎవరని ఆయన అడగలేదు. కంచం పక్కకి జరిపి, మంచినీళ్ల గ్లాసు ఆవిడ చేతికి అందించాడు.

సంఘం వచ్చింది. సంఘమంటే ముగ్గురు కావాలి. అందులో మొక్కల సంగతి తెలిసిన సభ్యురాలు జ్వరంతో పడుకుంది. రెండో సభ్యుడు జీపు దిగకుండా అన్నిటికీ అంగీకారం తెలిపాడు. కనక ఆచరణలో సంఘమంటే అధ్యక్షుడే. ఉద్యోగకాలమంతా కాలువలు తవ్విన ఇంజినీరు. సన్నటి మనిషి, చేతిలో కర్ర. నీళ్లు చూస్తే ఆయన ముఖం వికసిస్తుంది. పొడి నేల చూస్తే చావింటికి పరామర్శకి వచ్చినట్టు అయిపోతుంది.

రోడ్డు పక్క గుంట చూసి వికసించాడు. మిగతా గుంటల మధ్య నించి ఒక చుట్టు తిరిగొచ్చాడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని. మళ్లీ పచ్చ గుంట దగ్గరికి వచ్చి కర్రతో నీళ్లని ముద్దుగా తట్టాడు.

"ఇది బ్రహ్మాండంగా ఉంది. ఏం చేశారు దీనికి?"

తథాస్తు సార్ నీళ్లు నమిలాడు. "ప్రత్యేక శ్రద్ధ తీసుకున్నామండీ."

"ఆ శ్రద్ధ మిగతావాటి మీద లేదేం? నీళ్లే కదా కావలసింది! పైపు వేయిద్దాం. అన్ని గుంటలకీ. ఏడాది పొడుగునా తడి ఉండాలి. నేను రాస్తాను, ఎవరు కాదంటారో చూస్తాను. బతికాయని కూడా రాస్తాను. సరేనా?"

"తథా... అలాగేనండీ," అన్నాడు అధికారి, అలవాటు కొద్దీ. తర్వాత ఆయన ముఖంలోంచి రంగు మెల్లగా దిగిపోవడం గుంటలావిడ చూసింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. వాళ్లు గెలిచారు. నేల వాళ్లదే. ఆ నేలలో ఇక జమ్ము తప్ప మరేదీ బతకదు. నోరు తెరవకపోతే గుంటలు ఉంటాయి, మొక్కలు ఉండవు. తెరిస్తే బహుశా రెండూ ఉండవు.

అధ్యక్షుడు జేబులోంచి కలం తీశాడు.

"సార్," అంది ఆవిడ. "ఆ గుంట చచ్చిపోతోంది."

"ఏ గుంట?"

"మీ కర్ర ముందున్నది."

ఆయన పచ్చగా నిగనిగలాడుతున్న దాన్ని చూశాడు. ఆవిడని చూశాడు. "మరి ఆ ఎండిపోయినవి?"

"అవి బతికే ఉన్నాయని నా నమ్మకం."

"నమ్మకమా? తెలుసా?"

"తెలీదు సార్. కిందటేడు పూశాయి. విత్తనం రాల్చాయి. ఇప్పుడు మట్టిలో ఉండాలి. తవ్వి చూపిస్తే ఇసక రేణువుల్లా కనిపిస్తాయి, అవి బతికున్నాయో లేదో తడిస్తేనే గానీ తేలదు. తడపాల్సింది వాన. ఇక్కడున్నది టాంకరు నీళ్లు. మీకు చూపించడానికి పోయించాం. దీన్ని చూసి అన్నిటికీ పైపు వేయిస్తే మొత్తం పోతాయి."

అధ్యక్షుడి ముఖం కందగడ్డలా అయింది. "ఎవరు పోయించారు?"

తథాస్తు సార్ అంతవరకూ నేలచూపులు చూస్తున్నాడు. తన జీవితంలో ఎవరూ అడక్కుండా ముందుకు అడుగేసిన సందర్భం అదొక్కటే అయ్యుంటుంది. "నేనండీ."

"ఏ గుంటకో చెప్పింది నేను," అంది ఆవిడ.

"బాగుంది. నన్ను వెర్రివెంగళప్పని చెయ్యడానికి ఇద్దరు కావలసొచ్చింది." ఆయన గట్టు మీద కూర్చున్నాడు. జీపులో రెండో సభ్యుడు కిటికీ అద్దం పైకెత్తుకున్నాడు. అధ్యక్షుడు కర్రని నీళ్లలో గుచ్చి, తీసి, తడి ఎంతవరకు వచ్చిందో చూశాడు.

"ఆఖరుసారి ఎప్పుడు పోశారు?"

"మొన్న పొద్దున."

"ఇంత ఎండలో ఇంతే తగ్గిందా?" అంటూ అంచుల వెంట నడిచి, వంగి, మట్టిని రెండు వేళ్ల మధ్య నలిపాడు. "అడుగు ఎవరు వేశారో గానీ నికరంగా వేశారు. ఇన్నేళ్లయినా కారడం లేదు. నేను తేల్చగలిగింది ఇదీ. నీళ్లు పడితే ఈ గుంట పట్టుకుంటుంది. లోపల ఏముందో నాకు తెలీదు. మీకూ తెలీదంటున్నారు. తెలీని మాట మీద డిపోవాళ్లని ఆపమంటారు."

"అవును సార్."

"ఇంత నీరసమైన వాదన నా సర్వీసులో వినలేదమ్మా."

"ఇంతకంటే గట్టిది నేనూ వెతికాను సార్. దొరకలేదు."

ఆయన నవ్వలేదు. కలం మాత్రం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "ఒక్క వాన. ఆకాశం నించి పడ్డది. నిండనివ్వండి, ఆరనివ్వండి. అప్పుడొచ్చి చూస్తాను. ఈలోగా ఇక్కడ టాంకరు గాని, డిపోవాళ్ల టేపు గాని కనపడకూడదు. అప్పటికీ మట్టే చూపించారనుకోండి, మొదటి బస్సు నేనే దగ్గరుండి తోలిస్తాను."

తథాస్తు సార్‌ని ఆ నెలాఖరులోపే వీధి దీపాల శాఖకి మార్చారు. గుంటలావిడకి ఒక హెచ్చరిక పత్రం అందింది. అందులో ఆవిడ అసలు పేరు శుభ్రంగా, పూర్తిగా రాశారు.

వాన ఆ తర్వాత కూడా తొందరపడలేదు. వచ్చిన రోజు మాత్రం మిట్టమధ్యాహ్నం వచ్చింది. గుంటలావిడ భర్తకి టీ ఇవ్వడానికి కొట్టుకి వచ్చి ఉంది. తాళం పడిపోయిన పెట్టె పట్టుకుని ఒక పెద్దమనిషి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. రేకుల మీద మొదటి చినుకు టప్పున పడగానే ఆవిడ టీ గ్లాసు ఆ పెద్దమనిషి చేతిలో పెట్టి, గొడుగు కూడా తీసుకోకుండా నడిచి వెళ్లిపోయింది. "మీ ఆవిడకేమన్నా ఒంట్లో బాగాలేదా?" అన్నాడాయన. "ఇప్పుడే బాగయిందండీ," అన్నాడు భర్త.

గుంటలు నిండాయి. వాటితోపాటు నిలబడి చూడడం కంటే మనిషి చేయగలిగింది లేదు. నీళ్లు అంచుల నించి తగ్గేకొద్దీ ఆవిడ పలక మోసుకుంటూ ఒక గుంట నించి ఇంకో గుంటకి తిరిగింది. మొదట గరిక. తర్వాత తుంగ. తర్వాత కొన్నాళ్లు ఏమీ లేదు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ ఆవిడతో మొక్కల మాట ఎత్తలేదు. తమ్ముడు దూరం నించే పలకరించి వెళ్లిపోయాడు. ఒక పొద్దున, మధ్య గుంటలో తడి వదిలిన గీత వెంట, పసుపు రంగు అంచు కనపడింది. కనపడిందా, కళ్లు అలా అనుకున్నాయా తేల్చుకోవడానికి ఆవిడ మర్నాటి దాకా ఎవరికీ చెప్పలేదు.

అన్నిటిలోనూ రాలేదు. రెండు గుంటలు బోసిగానే ఉండిపోయాయి. మిగతావాటిలో కొన్నిచోట్ల ఒత్తుగా, కొన్నిచోట్ల నాలుగు పూలు విదిలించినట్టు వచ్చాయి. మొండిఘటం ఎక్కడా కనపడలేదు. ఆవిడ ఉన్నది ఉన్నట్టే రాసి పంపింది. అధ్యక్షుడు మాట ప్రకారం వచ్చి, జ్వరం తగ్గిన సభ్యురాలిని కూడా వెంటబెట్టుకొచ్చి, కళ్లజోడు సవరించుకుని వంగాడు.

"ఇంతేనా?"

"ఇంతే సార్. ఇంతకంటే పెద్దవి కావు."

"వీటికోసమా ఇంత రభస!" అంటూనే ఆయన రెండో గుంటకీ, మూడో గుంటకీ కూడా వంగాడు. పలక మీద పడుకున్న సభ్యురాలు ఎంత పిలిచినా లేవలేదు. నేల గుంటలకే ఉంటుందని ఆ గట్టు మీదే రాసేశారు.

రోడ్డు పక్క గుంట సంగతి చివర్న వచ్చింది. అందులో జమ్ము మనిషెత్తు లేచి, గోడలా నిలబడి ఉంది. లోపల ఏముందో చూడడానికి కూడా సందు లేదు.

"దీన్ని పూడ్చి రోడ్డులో కలిపెయ్యమని రాస్తాను," అన్నాడు అధ్యక్షుడు. "ఇది మీరే అన్నారు కదా, చచ్చిందని."

"చచ్చిపోతోందన్నాను సార్. ఒక్క ఏడాది ఇవ్వండి. జమ్ము నేను పీకిస్తాను."

"మీరు అడగడం మానరా?"

"మానేస్తే మీరు పూడ్చేస్తారు కదా సార్."

ఇచ్చాడు. వచ్చే వానల్లోపు జమ్ము పోయి, గుంట గుంటలా కనపడాలి. లేకపోతే రోడ్డు.

యంత్రం దింపితే అడుగు బంకమట్టి చీలుతుంది. కనక చేత్తోనే పీకాలి. జమ్ము వేరు బురదలో అడ్డంగా పాకి, ఒకటి లాగితే ఇంకో నాలుగింటిని పట్టుకుని ఏడుస్తుంది. గుంటలావిడ ఇద్దరు కూలీల్ని పెట్టుకుని మోకాటిలోతు బురదలో దిగింది. ఒక ఆదివారం, కూలీలు రాని పూట, గట్టు మీద ఎవరో దగ్గారు. తథాస్తు సార్. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, చెప్పులు చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"వీధి దీపాలు ఎలా ఉన్నాయి సార్?"

"వెలుగుతున్నాయమ్మా. నేను ఏం చేసినా, చెయ్యకపోయినా వెలుగుతున్నాయి." గుంట వైపు చూశాడు. "ఏది పీకాలి?"

"పొడుగ్గా ఉన్నదల్లా. వేరుతో సహా. నిదానంగా."

ఆయన దిగాడు. మొదటిది తెగి చేతికొచ్చింది. రెండోది వేరుతో వచ్చింది. దాన్ని పతకం గెలిచినవాడిలా పైకెత్తి చూపించాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా పీకారు. ఖాళీ అయిన మేర బురద వెలుగు చూసింది.

"ఆగండి!"

ఆ కేకకి ఆయన ఒక కాలు గాల్లో ఉండగానే బిగుసుకుపోయాడు. ఆవిడ పలక లాక్కొచ్చి, బురద మీద పరిచి, బోర్లా పడుకుని, ఆయన కాలు దిగబోతున్న చోట ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. రెండు ఆకులు. సూదిమొనంత.

"ఏమిటమ్మా అది? మనదేనా?"

"తెలీదు సార్. గరిక కూడా మొదట్లో ఇలాగే ఉంటుంది."

"ఎప్పటికి తెలుస్తుంది?"

"మూడో ఆకు వచ్చాక."

ఆయన కాసేపు ఒంటికాలి మీద ఊగాడు. చేతిలో ఉన్న జమ్ముని కర్రలా గుచ్చి ఆసరా చేసుకున్నాడు. అది మెల్లగా వంగింది.

"మరి ఈ కాలు ఎక్కడ పెట్టనమ్మా?"

"ఉండండి, చూస్తున్నా," అంది ఆవిడ తల ఎత్తకుండా, పక్కనున్న బురదని కూడా వేలితో అణువణువూ వెతుకుతూ.